అన్నయ్య బదులు

విళంబి సంవత్సరం, భాద్రపద బహుళ తదియ

ఇవాళ అన్నయ్య బదులు నేను చదివాను. ఇదే మొదలు, ఇదే ఆఖరు.

ఎవరితోనూ చెప్పుకునే మాట కాదు గనక ఇక్కడ రాసుకుంటున్నాను. రాసుకుంటే గుండె దడ తగ్గుతుందేమో చూడాలి.

తప్పంతా అన్నయ్యది. రాజమండ్రి హైస్కూల్లో మెట్రిక్యులేషను క్లాసుదాకా నెట్టుకొచ్చి, తీరా పరీక్షకి పంపే ముందు ఇంగ్లీషులో చతికిలబడ్డాడు. కార్తీకంలోగా దారిలో పడితే చూద్దామని, లేకపోతే పొలం చూసుకోమని హెడ్‌మాస్టరుగారు పడవెక్కించి పంపేశారు. నాన్నగారు ఆ రోజంతా సావిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. అన్నయ్యని ఒక్క దెబ్బ కొట్టలేదు. కొట్టి ఉంటేనే బాగుండేది.

నాన్నగారికి ఇంగ్లీషు మీద పట్టుదల ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. రాజమండ్రి కోర్టులో ఎవరో ఇంగ్లీషు కాగితం గడగడా చదివి వినిపిస్తే, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి, "ఆయ్, ఆయ్" అని తల ఊపి వచ్చారు. కాలవ పక్క చేను అలా పోయింది. "అచ్యుతరామరాజు ఇంట్లో ఆ భాష చదివేవాడు ఒక్కడుండాలి" అని అప్పటినుంచీ ఒకటే మాట.

బహుళ చవితి

మళ్ళీ నేనే చదివాను. అన్నయ్య బతిమాలాడు. ఇంక చదవను.

నిన్న రాయడం మరిచాను, అసలు ఇదెలా కుదిరిందో. ఈ వానల్లో, ఈ బురదలో నర్సాపురం నుంచి మా ఊరు వచ్చి చెప్పే మాస్టరు ఎవరూ దొరకలేదు. పక్క ఊళ్ళో మిషను బడి నడిపే ఏసుపాదం మాస్టారు ఒక్కరే ఒప్పుకున్నారు. ఆయన మా గడప తొక్కకూడదు. వీధి అరుగు మీద కూర్చుని చెబుతారు. ఆయన ముట్టుకున్న పుస్తకం ముట్టుకుంటే అన్నయ్య తలస్నానం చెయ్యాలి. నీళ్ళంటే అన్నయ్య పిల్లికంటే ఎక్కువ భయపడతాడు, రోజూ తలస్నానమంటే చదువే మానేస్తానన్నాడు. అందుకని నాన్నగారే ఉపాయం చెప్పారు. అరుగు మీదికి ఉన్న కిటికీ మా ఆడవాళ్ళ గదిది. దానికి ఎప్పుడూ పరదా ఉంటుంది. అన్నయ్య లోపల పుస్తకం పట్టుకుని కూర్చోవాలి, మాస్టారు అవతల తన పుస్తకం పట్టుకుని కూర్చోవాలి.

"మాటకి మైలేంటి? వినడానికి స్నానమెందుకు?" అన్నారు నాన్నగారు. తన తెలివికి తనే మురిసిపోయారు కూడా.

ఘోషా ఇంటి పరదా పైకెత్తి చూసే ధైర్యం ఎవరికీ ఉండదు. అన్నయ్యకి అది చాలింది. గొంతు పట్టిందని మాస్టారితో ఒక మాట చెప్పి, నా చేతిలో రీడరు పెట్టి, దొడ్డిదారిన తన డేగపుంజు దగ్గరికి పోయాడు. చిన్నప్పుడు వాడి ఇంగ్లీషు కాపీలన్నీ నా చేతే రాయించాడు గదా, అలా వచ్చింది నాకీ రోగం.

మాస్టారు అడిగారు: "గొంతు ఇంకా పట్టే ఉందాండి బాబుగారూ?"

"ఆయ్" అన్నాను, వీలైనంత మందంగా.

"పర్వాలేదండి. మెల్లిగా చదవండి."

ఆయనకేమీ తెలియలేదు. తెలిసే వీల్లేదు.

బహుళ అష్టమి

ఇవాళ అన్నయ్యే కూర్చున్నాడు. నేను మొండికేశాను.

ఒక్క పేరా చదవడానికి పొద్దెక్కిపోయింది. పెరట్లోంచి వింటున్న నాన్నగారు లోపలికొచ్చి, "నిన్నటిదాకా బాగానే చదివావు గదరా, ఇవాళ నాలిక మీద ఏం పెట్టుకున్నావ్?" అని వాడి చెవి మెలేశారు. నావంక చూడలేదు. నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను, చేటలో రాళ్ళూ బియ్యమూ నాకు ఒకటిగానే కనబడ్డాయి.

రేపటినుంచి మళ్ళీ నేనే. ఏం చెయ్యను?

ఆశ్వయుజ శుద్ధ తదియ

అమ్మకి తెలిసిపోయింది. పాఠం వేళకి గదిలోకొచ్చి నన్ను చూసింది. కేక వేస్తుందనుకున్నాను. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. మాస్టారు వెళ్ళాక నా జబ్బ పట్టుకుని గాదె వెనక్కి లాక్కుపోయింది.

"పరాయి మగాడు నీ గొంతు వింటున్నాడే! మీ నాన్నగారికి తెలిస్తే నిన్ను పాతేస్తారు. ముందు మాస్టార్ని చంపేస్తారు."

"మానేస్తానమ్మా."

"మానేస్తే మీ అన్నయ్య సంగతి తెలిసిపోతుంది గదే" అని మళ్ళీ తనే ఏడిచింది. నన్ను మానమందో చదవమందో చివరికి నాకు తెలియలేదు. ఆ పూటనుంచి పాఠం జరుగుతున్నంతసేపూ గుమ్మం దగ్గర పప్పు విసురుతూ కూర్చుంటోంది. ఎవరైనా వస్తే తిరగలి ఆపుతుంది, నేను చదవడం ఆపాలి. ఇప్పుడు మా ముగ్గురిదీ ఒకటే దొంగతనం.

శుద్ధ సప్తమి

ఇవాళ మాస్టారు పార్సింగు చెప్పారు. వాక్యంలో ఒక్కో మాటా ఏ జాతిదో, దేనికి లోబడి ఉందో విడదీసి చెప్పాలి. నాకది చేప ముళ్ళు తీసినట్టే అనిపించింది. అన్నీ తీశాక కూడా చేప చేపలాగే ఉంటుంది, అదే విచిత్రం.

ఒక మాటకి అర్థం అడిగాను. "మా బళ్ళో పిల్లలు స్పెల్లింగే అడుగుతారండి. అర్థం అడిగినవాళ్ళు ఇంతవరకు లేరండి బాబుగారూ" అన్నారు. ఆ పొగడ్త రోజంతా తలలో తిరిగింది. సంతోషమూ భయమూ ఒకేచోట కలుగుతాయని నాకిదివరకు తెలియదు.

ఆయనకి తెలియదు. నేను గొంతు మందంగానే పెడుతున్నాను.

దశమి

నాన్నగారు మాస్టారికి కొబ్బరికాయలు ఇప్పించారు. పాలేరు అప్పాజీ అవి అరుగు కింద పెట్టి దూరంగా జరిగితే, మాస్టారు వచ్చి తీసుకున్నారు.

"మావాడు ఎలా ఉన్నాడు మాస్టారూ?"

"చాలా బాగా చదువుతున్నారండి. ఇంత శ్రద్ధ నేనెక్కడా చూళ్ళేదండి."

నాన్నగారి నవ్వు వినిపించింది. చేను పోయిన తరవాత ఆయన అలా నవ్వగా నేను వినలేదు. ఎంత నవ్వితే అంత కోపం రేపు.

బహుళ విదియ

చేపలమ్మే పెద్దింట్లమ్మ కొల్లేటి చేప తెచ్చింది. పెరట్లో కూర్చుని పొలుసు తీస్తూ అమ్మకి ఊళ్ళ కబుర్లు చెప్పింది.

"ఇన్నారాండి రాణిగారూ, ఆ కింద కాలవ లాకులకాడ ఊళ్ళో? దొరగారింటికి లెక్కలు చెప్పడానికొచ్చే పంతులు, కిటికీలోంచి అమ్మాయిగారితో మాటాడాడంటండి. మాటేనండి, ఇంకేం లేదండి. తెల్లారేసరికి లాకుల్లో తేలాడండి. కాలు జారిందనేశారు. ఎవరడుగుతారండి?"

"ఆ పిల్లో?" అంది అమ్మ.

"ఆ పిల్ల సంగతి అడిగినోళ్ళే లేరండి."

చేప కూర ఎలా ఉందో నాకు గుర్తులేదు. ఏసుపాదం మాస్టారికి ఎంతమంది పిల్లలో నాకు తెలియదు. ఆయన మొహం కూడా నేను సరిగా చూడలేదు. పొడి దగ్గు, కిర్రుచెప్పుల చప్పుడు, ఆ గొంతు, అంతే. ఆ మనిషి ప్రాణం నా నాలిక చివర ఉంది.

రేపటినుంచి చదవను. ఒట్టు.

బహుళ తదియ

చదవలేదు. తలనొప్పని పడుకున్నాను. అన్నయ్య కూడా కడుపునొప్పని పడుకున్నాడు. మాస్టారు అరుగు మీద కాసేపు కూర్చుని, దగ్గి, వెళ్ళిపోయారు.

బహుళ పంచమి

అన్నయ్య నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "కార్తీకందాకా గట్టెక్కించవే నీలవేణీ. పరీక్ష నా నుదుట ఎలా రాసుంటే అలా అవుతుంది. ఇప్పుడు తెలిస్తే నాన్నగారు నన్ను ఊళ్ళో తలెత్తుకోనివ్వరు."

"మాస్టారి సంగతి?"

"ఆయనకేం? ఆయనకి తెలియదు గదా!"

అవును, తెలియదు గదా. మళ్ళీ కూర్చున్నాను. చదవడం కోసం కాదు, అన్నయ్య కోసం. వాడి కోసమే.

బహుళ అష్టమి

ఇవాళ జరిగింది రాయడానికి కూడా భయంగా ఉంది.

డిక్టేషను. మాస్టారు ఇంగ్లీషులో వాక్యం చెబుతారు, నేను రాయాలి. నాన్నగారు వీధిలో కుర్చీ వేసుకుని తమలపాకులు నములుతూ వింటున్నారు. మాస్టారు రోజూలాగే ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పారు. రాస్తూ ఉంటే ఇది పుస్తకంలోది కాదని మెల్లిగా తెలిసింది.

మొదటి వాక్యానికి అర్థం: ఈ కిటికీకి రెండు వైపులా భయపడేవాళ్ళే ఉన్నారు.

రెండోది: చదివేది ఎవరో నాకు మొదటిరోజే తెలిసింది.

మూడోది: మానెయ్యమంటే రేపే మానేస్తాను, నేను జబ్బుపడ్డానని చెబుతాను. మానెయ్యమనకపోతే రేపు మంచులో చిక్కిన ఓడ పాఠం.

కలం ఆగిపోయింది. అవతల నాన్నగారు, "ఎంత దర్జాగా ఉందండి మాస్టారూ ఆ భాష! ఒక్క ముక్క అర్థం కాకపోయినా చెవికి హాయిగా ఉంది" అంటున్నారు. ఆ ఇంట్లో, ఆ వీధిలో, నాన్నగారు వింటూండగా, ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియని మాటలు అవి. ఇంగ్లీషులో నాతో ఎవరైనా మాట్లాడడం అదే మొదటిసారి. అంతవరకు ఆ భాష పుస్తకంలోనే ఉంటుందనుకున్నాను.

"రాశారాండి బాబుగారూ?" అన్నారు మాస్టారు.

మానెయ్యమని చెప్పడమే న్యాయం. ఆయనకి ఇల్లుంది, వాకిలుంది. నోరు తెరిచాను. ఓడ పాఠం చదువుతాను సర్ అని ఇంగ్లీషులోనే అన్నాను.

అలా ఎందుకన్నానో నాకు తెలియదు. తెలుసు.

కార్తీక శుద్ధ షష్ఠి

మంచుగడ్డల సముద్రం ఎలా ఉంటుందో మాస్టారు కూడా చూడలేదట. ఉప్పు మడి లాంటిదేమో అనుకుని చెబుతున్నానండి అన్నారు. ఆ పాఠంలో ఓడ మంచులో ఇరుక్కుపోతుంది. మనుషుల్ని నిద్రపోనివ్వకుండా కాప్టెను రోజంతా డెక్కు మీద నడిపిస్తాడు. చదువుతుంటే నాకు చలేసింది, బయట ఎండ పేలిపోతోంది.

ఇప్పుడు చదువులో తప్పులు తగ్గాయి. భయం మాత్రం తగ్గలేదు. వీధిలో ఎవరు దగ్గినా నాన్నగారికి ఎవరో చెప్పేశారనే అనిపిస్తుంది. నాన్నగారు మాస్టారితో మాట్లాడుతుంటే ఊపిరి బిగపట్టి వింటాను.

శుద్ధ దశమి

కొంప మునిగింది.

బళ్ళు చూసుకుంటూ స్కూళ్ళ ఇనస్పెక్టరుగారు పడవ మీద వస్తున్నారట. మా రేవులో ఆగుతారట. నాన్నగారు ఆయన్ని మా ఇంటికి రమ్మన్నారు. అన్నయ్య చదువు ఆయన ఎదట చదివించి, ఆయన చేత రాజమండ్రి హెడ్‌మాస్టరుగారికి ఒక మాట చెప్పించాలని. అందరి ఎదటా, సావిట్లో, పరదా లేకుండా.

అన్నయ్య మొహం సున్నం కొట్టినట్టయింది. జ్వరమన్నాడు. నాన్నగారు నుదురు ముట్టుకుని చూసి, "చల్లగా ఉన్నావు, ఏం జ్వరం?" అన్నారు.

ఏసుపాదం మాస్టారు, "ఇంకా కొన్నాళ్ళు ఆగితే బాగుంటుందేమోనండి" అన్నారు. "మీ చదువు మీద మీకే నమ్మకం లేదాండి?" అని నాన్నగారు నవ్వారు.

శుద్ధ ద్వాదశి

అన్నయ్యకి తేనెటీగల పాఠం ముక్కున పట్టిస్తున్నాను. వీధిబడిలో పద్యాలు నేర్చినట్టు, నేనంటూంటే వాడంటాడు. పాటలు వినగానే పట్టే చెవి వాడిది. మధ్యాహ్నానికి గడగడా అప్పజెప్పాడు. ఇనస్పెక్టరుగారు ఏది చదవమంటారని అడక్కుండా వాడే ఆ పాఠం తీసి మొదలుపెట్టాలి. అదే మా పన్నాగం. అమ్మ ఆ మాట విని దేవుడి గదిలోకి వెళ్ళింది.

గట్టెక్కుతుంది. తప్పకుండా గట్టెక్కుతుంది.

కార్తీక బహుళ పాడ్యమి

అన్నీ వరసగా రాస్తాను. రాయకపోతే ఇదంతా నిజంగా జరిగిందని నాకే నమ్మకం ఉండదు.

ఇనస్పెక్టరుగారు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని సావిట్లో కుర్చీలో కూర్చున్నారు. మాటతీరు మెత్తన. నాన్నగారు పక్కన. ఏసుపాదం మాస్టారు వాకిట్లో చూరు కింద నిలబడ్డారు. ఆయన్ని అప్పుడే సరిగా చూశాను, లోపలి గుమ్మం పరదా సందులోంచి. జుట్టు నెరిసిన, బక్కపల్చని మనిషి. చేతులు కట్టుకున్నారు. అమ్మ నా మణికట్టు పట్టుకుని పక్కన నిలబడింది.

అన్నయ్య రీడరు తెరిచాడు. తేనెటీగలు మొదలుపెట్టాడు. ఒక్క తప్పు లేదు. నాన్నగారి మీసం మెల్లిగా పైకి లేచింది. ఇనస్పెక్టరుగారు మాత్రం వాడి మొహం చూడలేదు, పుస్తకం చూశారు. లేచి వచ్చి, పుస్తకం వాడి చేతిలోంచి తీసుకున్నారు. "పేజీ తిప్పకుండానే పాఠం అయిపోయిందే బాబూ" అన్నారు.

వెనక పేజీలు తిప్పి మంచు ఓడ తీశారు. "ఇది చదువు."

అన్నయ్య చదవలేదు.

"పోనీ, నేను చదువుతాను. అర్థం చెప్పు." ఆయన ఒక పేరా చదివి, కాప్టెను మనుషుల్ని ఎందుకు నిద్రపోనివ్వలేదని ఇంగ్లీషులో అడిగారు.

అన్నయ్య నేల చూశాడు. పుంజు కూత ఒకటి వినిపించింది.

నాన్నగారు అన్నయ్యవైపు తిరగలేదు, వాకిటివైపు తిరిగారు. "మాస్టారూ! రోజూ ఈ చెవులతో విన్నాను గదా చదువు. మావాడికి అక్షరం రాదే! మరి చదివిందెవరు? పరదా అవతల కూర్చుని గొంతు మార్చి మీరే చదివి, మీరే మెచ్చుకుని, నా చెవిలో పువ్వులు పెట్టారా?"

పరదాకి ఇవతల ఎవరైనా ఉండొచ్చన్న ఆలోచన ఆయనకి రాలేదు. రాదు. నా ఇంట్లో ఆడపిల్ల గొంతు వీధిలోకి పోతుందనుకోవడం కంటే, ముసలి మాస్టరు గొంతు మార్చాడనుకోవడం ఆయనకి తేలిక.

ఏసుపాదం మాస్టారు ఒక్కసారి కిటికీవైపు చూశారు. "అవునండి. నేనే చదివానండి" అన్నారు.

"అప్పాజీ! ఈయన్ని గొడ్లసావిట్లో రాటకి కట్టు. ఇనస్పెక్టరుగారు భోంచేసి వెళ్ళాక నేనొస్తాను" అన్నారు నాన్నగారు. కేకెయ్యలేదు, మెల్లిగానే అన్నారు. ఆ మెల్లిదనం నాకు తెలుసు. కోపం వస్తే అరుస్తారు, నిర్ణయం అయిపోతే మెల్లిగా మాట్లాడతారు.

అప్పాజీ మాస్టారి రెక్క పట్టుకున్నాడు. ఆయన గింజుకోలేదు. చెప్పు ఒకటి జారిపోతే దానికోసం కాలితో వెతుకుతున్నారు. ఆ కాలు వెతకడం చూసి నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మాట్లాడాను. ఇంగ్లీషులో. ఆ చలిలో నిద్రపోయినవాడు మళ్ళీ లేవడు, అందుకని కాప్టెను నిద్రపోనివ్వలేదు సర్ అన్నాను.

అమ్మ చెయ్యి నా నోటి మీద పడింది. నేను తీసేశాను.

ఇనస్పెక్టరుగారు కుర్చీలోంచి ముందుకి వంగారు. పరదావైపు చూసి ఇంకోటి అడిగారు: ఆ ఓడలో వాళ్ళు భయపడ్డారా?

అందరూ భయపడ్డారు, అందరికంటే కాప్టెను ఎక్కువ భయపడ్డాడని చెప్పాను.

"అది పాఠంలో లేదే" అన్నారు ఆయన, నవ్వుతూ.

లేదు సర్, కాని అందరి ప్రాణాలూ ఆయన చేతిలో ఉన్నాయి గదా అన్నాను. నా ఇంగ్లీషు అక్కడికి సరిపోయింది, ఆపైన లేదు.

ఇనస్పెక్టరుగారు నాన్నగారివైపు తిరిగారు. "లోపల ఎవరండి రాజుగారూ?"

నాన్నగారి మొహంలో నెత్తురు లేదు. ఆ నిమిషంలో ఆయన ఏమైనా చెయ్యగలరనిపించింది. పరదా చింపి నన్ను ఈడ్చుకు రావచ్చు, అక్కడే కుప్పకూలిపోవచ్చు.

"మా రెండోవాడండి" అన్నారు.

ఇనస్పెక్టరుగారు చూస్తూనే ఉన్నారు.

"పన్నెండేళ్ళండి. అన్నయ్య పాఠం వింటూ నేర్చుకున్నట్టున్నాడండి. వాడికి... వాడికి అమ్మవారు పోసిందండి. ఇంకా నీళ్ళు పొయ్యలేదు. బయటికి రాకూడదండి."

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. అమ్మవారి పేరు మీద అబద్ధం ఆడిన ఇల్లు మాది ఇప్పుడు.

ఇనస్పెక్టరుగారు లేచి పరదావైపు రెండు చేతులూ జోడించారు, అమ్మవారికి. తరవాత అన్నారు: "ఈ మాస్టార్ని వదిలెయ్యమనండి. ఇలాంటి చదువు చెప్పినాయన్ని కడతారాండి? పెద్దవాణ్ణి మీరు పొలానికి పంపినా నష్టం లేదు. ఈ చిన్నవాడికి నయం కాగానే నాకు కబురు చెయ్యండి. రాజమండ్రిలో మా ఇంట్లో ఉంచి నేను చదివిస్తాను."

"ఆయ్" అన్నారు నాన్నగారు. "ఆయ్."

బహుళ విదియ

ఇనస్పెక్టరుగారి పడవ ఇంకా మా రేవులోనే ఉంది. చుట్టుపక్కల బళ్ళు చూస్తున్నారట. అందుకని నాన్నగారు నా గది గుమ్మానికి వేపమండలు కట్టించారు. నేను బయటికి రాకూడదు. ఎవరూ లోపలికి రాకూడదు. నాకే అమ్మవారు పోసిందని ఊళ్ళోవాళ్ళు అనుకుంటున్నారు. పెద్దింట్లమ్మ గుమ్మం బయటనుంచే దణ్ణం పెట్టి, చేప ఇవ్వకుండా వెళ్ళిపోయింది.

నాన్నగారు నాతో మాట్లాడలేదు. తిట్టలేదు. గుమ్మం ముందునుంచి వెళ్తూ తల అటు తిప్పుకుంటారు.

ఏసుపాదం మాస్టారితో మాత్రం నిన్న స్వయంగా వాకిట్లోకి వెళ్ళి, "ఇంక రాకండి మాస్టారూ" అన్నారు. ఆయన చెప్పు అప్పాజీ చేత వెతికించి ఇప్పించారు. అమ్మ చెప్పింది.

మాస్టారు ఇల్లు చేరారో లేదో నాకు తెలియదు. లాకులు మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్యనే ఉన్నాయి.

బహుళ తదియ

ఎవర్నడగాలి?

బహుళ షష్ఠి

పడవ వెళ్ళిపోయింది. వేపమండలు తీసేశారు. అమ్మ నాకు నిజంగానే నీళ్ళు పోసింది, పసుపు వేసి, అమ్మవారికి చలిమిడి పెట్టి. అబద్ధాన్ని అబద్ధంగా వదిలేస్తే నిజమైపోతుందని అమ్మ భయం.

పెద్దింట్లమ్మ వచ్చింది. నా మొహం మీద మచ్చ లేదని ఆశ్చర్యపోయింది. నేను మిషను బడి సంగతి ఊరికే అడిగినట్టు అడిగాను.

"ఆ మాస్టారేనాండి? బాగానే ఉన్నాడండి. నిన్న ఆ ఈధంట వత్తంటే పిల్లల చేత ఇంగిలీసు దంచిత్తన్నాడండి. చెవులు చిల్లులు పడ్డాయండి."

పెరటి గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

మార్గశిర శుద్ధ చవితి

అన్నయ్య పొలానికి వెళ్తున్నాడు. సుఖంగా ఉన్నాడు. రీడరు ఎక్కడుందో వాడు అడగలేదు. నా దగ్గర లేదు. నాన్నగారి పెట్టెలో ఉందేమో.

చదువు లేదు గనక భయపడడానికి ఏమీ లేదు. అయినా వీధిలో ఎవరైనా దగ్గితే ఉలిక్కిపడుతున్నాను. నాన్నగారు అన్నం దగ్గర కూడా నావైపు చూడరు. కొడితే బాగుండునని నాకూ ఇప్పుడు అనిపిస్తోంది.

మార్గశిర బహుళ విదియ

ఇవాళ నాన్నగారు పొద్దెక్కి ఇంటికొచ్చారు. తల తడిసి ఉంది. కాలవలోనే బట్టలతో మునిగి వచ్చారు. చావు కబురు విన్నవాళ్ళు మునిగినట్టు.

అమ్మ భయపడింది. "ఎవరు పోయారండి?"

ఆయన సావిట్లో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు.

వెనకాలే వచ్చిన అన్నయ్య నన్ను పెరట్లోకి పిలిచి చెప్పాడు. ఇనస్పెక్టరుగారి పడవ తిరుగుదారిలో మళ్ళీ మా రేవుకొచ్చిందట. నాన్నగారూ అన్నయ్యా గట్టు మీదే దొరికిపోయారట. ఆయన పడవ దిగి, "మీ చిన్నవాడెలా ఉన్నాడండి? ఇవాళే పంపిస్తే నాతో తీసుకుపోతాను. బళ్ళో అంతా మాట్లాడేశాను" అన్నారట. వాడికోసం కొత్త రీడరు కూడా తెచ్చారట.

"నాన్నగారేం చెప్పారు?"

"పోయాడండీ అన్నారు."

నేను నిలబడ్డచోటే నిలబడ్డాను.

"అమ్మవారు తీసుకుపోయిందండీ అన్నారు. ఇనస్పెక్టరుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారే. నాన్నగారి చెయ్యి పట్టుకున్నారు. అలాంటి పిల్లాణ్ణి నేను మళ్ళీ చూడనండీ అన్నారు. అప్పుడు నాన్నగారు..." అన్నయ్య ఆగాడు. "నాన్నగారు ఏడిచారే. అబద్ధానికి ఏడవడం కాదే అది. గట్టు మీద కూలబడి ఏడిచారు. పడవ వెళ్ళిపోయాక కాలవలో దిగి మునిగారు. నన్ను కూడా మునగమన్నారు."

వాడి జుట్టు కూడా తడిగానే ఉంది. నీళ్ళంటే అంత భయపడేవాడు మాట్లాడకుండా మునిగాడు.

లోపలికి వచ్చాను. నాన్నగారు అలాగే కూర్చుని ఉన్నారు. బట్టలోంచి నీళ్ళు కారి గచ్చు మీద మడుగు కట్టాయి. అమ్మ అన్నానికి లెమ్మంటే లేవలేదు. "పన్నెండేళ్ళు" అన్నారు, ఎవరితోనో.

"ఎవరికండి?" అంది అమ్మ.

ఆయన మొహం చేతుల్లో పెట్టుకున్నారు.

నేను పరదా వెనక ఉన్నాను. వెళ్ళాలనిపించింది. ఇన్నాళ్ళ భయమూ ఒక ఎత్తు, ఆ పరదా దాటడం ఒక ఎత్తు. వెళ్ళి ఏం చెప్పను? నేను పోలేదు, ఇక్కడే ఉన్నాను అని చెప్పాలా? ఆయన ఏడుస్తున్నది నా కోసమా, ఆ లేని పన్నెండేళ్ళవాడి కోసమా? వాడికి నాకున్న చదువంతా ఉంది, నాకు లేని మగపుట్టుక ఉంది. అది లేకనే నేను బతికున్నాను, అది ఉండబట్టే వాడు చచ్చిపోవలసి వచ్చింది.

మజ్జిగ చెంబు పట్టుకుని పరదా తీసి వెళ్ళాను. ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. కాళ్ళు పారిపొమ్మంటున్నాయి.

నాన్నగారు తలెత్తారు. చాలాసేపు చూశారు. ఆ రోజు తరవాత నన్ను చూడడం ఇదే మొదలు. చచ్చిపోయినవాడి పోలికలు వెతుకుతున్నట్టు నుదురూ, కళ్ళూ, నోరూ చూశారు. నోటి దగ్గర ఆగారు.

"నువ్వేనా అమ్మా?" అన్నారు.

గొంతు రాలేదు. రెండోసారి ప్రయత్నిస్తే వచ్చింది.

"నేనేనండి నాన్నగారూ."